లివరు వదిలేస్తే ఆయిల్ ఎటు పోవాలి

నా ఉద్యోగంలో ఆఖరి పోస్టింగు కోరుట్ల. రిటైర్ కావడానికి ఏడాది ముందు, యాసంగి వరికోతలు మొదలయ్యే వేళకు, జగిత్యాలలోని ట్రాక్టర్ షోరూము వారు నన్ను తమ కోరుట్ల వర్క్‌షాపుకు సర్వీస్ ఇంజనీరుగా పంపారు. నా కింద ఒక హెడ్ మెకానిక్, అతని కింద ముగ్గురు మెకానిక్‌లు ఉండేవారు. పైన జగిత్యాలలో సర్వీస్ మేనేజరు. బోల్టు విప్పేది మెకానిక్. ఏ బోల్టు విప్పాలో చెప్పేది హెడ్ మెకానిక్. అసలు విప్పాలా వద్దా అని తేల్చేది సర్వీస్ ఇంజనీరు. ఇంత ఆలస్యం ఎందుకైందని ఫోనులో అడిగేది సర్వీస్ మేనేజరు. మా వృత్తిలో హోదాలంటే ఇంతే.

మా ఇంటి మాట ఉర్దూ, బడి చదువు తెలుగు, సర్వీసు పుస్తకాలు ఇంగ్లీషు. ఏ భాషలో ఆలోచిస్తావని అడిగితే చెప్పడం కష్టం. హైడ్రాలిక్స్ విషయంలో మాత్రం నేను ఏ భాషలోనూ ఆలోచించను. కళ్ళు మూసుకుని ఆయిల్ వెంట పోతాను. పంపు దాన్ని ట్యాంకులోంచి తోడి గొట్టంలోకి నెడుతుంది. చీకట్లో గొట్టం గోడలను రాసుకుంటూ పోతుంటే మలుపు దగ్గర కాస్త తొక్కిసలాట, ఆ తర్వాత వాల్వు. వాల్వు లోపల స్పూల్ అనే నున్నటి కడ్డీ ఉంటుంది, దానికి అక్కడక్కడా గాడులు. పైన మనం లివరు కదిపితే లోపల స్పూల్ జరిగి ఆయిల్‌కు ఒక దారి తెరుస్తుంది, ఒక దారి మూస్తుంది. తెరిచిన దారిలో పోయిన ఆయిల్ సిలిండరులో చేరి పిస్టన్‌ను నెడితే బరువు పైకి లేస్తుంది. నేనిలా కళ్ళు మూసుకుని నిలబడినప్పుడు మెకానిక్‌లు ఒకరినొకరు చూసుకుని, "సార్ ఆయిల్ ఎంబడి పోయిండు, జర ఆగుండ్రి" అని నవ్వుకునేవారు. నాకు కోపం వచ్చేది కాదు. నిజంగా పోయేవాణ్ణి కాబట్టి.

రోహిణి కార్తె ఇంకా రాలేదు. ఎండలకు పొద్దున్నే రేకుల షెడ్డు టపటపలాడేది. అలాంటి ఒక పొద్దున కథలాపూర్ వైపు ఊరి నుంచి ఒక పాత ట్రాక్టరు వచ్చింది. రంగు ఎండకు వెలిసి గులాబీ రంగులోకి దిగింది. తోలుతున్నది ఒక ఆడమనిషి, కొంగు నడుముకు బిగించి. పక్కన మడ్‌గార్డు మీద ఆమె భర్త, ఒళ్ళో గుడ్డ పెట్టుకుని, ఆయిల్ కారుతున్న గొట్టాన్ని ఆ గుడ్డతో అదిమి పట్టుకుని కూర్చున్నాడు. అతని పేరు లింబాద్రి. ఆమె జమున.

ట్రాక్టరు ముందు భాగానికి కొత్తగా లోడర్ చేతులు, బకెట్టు బిగించి ఉన్నాయి, కోరుట్ల వెల్డింగు షాపు పని. కుడివైపు మడ్‌గార్డు దగ్గర ఒక వాల్వు మెరుస్తోంది. అంత చక్కటి వాల్వు మా షెడ్డులోకి అంతకుముందు రాలేదు. మెకానిక్‌లు ట్రాక్టరును వదిలేసి దాని చుట్టూ చేరారు.

"పంపు పోయింది సార్," అన్నాడు లింబాద్రి దిగుతూనే. "ఎనుక లిఫ్టు లేస్తలేదు. ఆయిల్ కుతకుత ఉడుకుతున్నది. ముంగట బకెట్టు లేస్తది గని ఎగిరెగిరి లేస్తది. కొత్త పంపు ఎయ్యిండ్రి."

రోగి తానే రోగం పేరు చెప్పుకుని వచ్చినప్పుడు డాక్టరు ఎంత జాగ్రత్తగా ఉండాలో సర్వీస్ ఇంజనీరూ అంతే జాగ్రత్తగా ఉండాలి. టీ తెప్పించి ముందు కథ అడిగాను.

లింబాద్రి ఏళ్ళ తరబడి గల్ఫులో, ఒక ఓడరేవు యార్డులో లోడర్ ఆపరేటరు. ఇక్కడ అందరూ దుబాయి అనేస్తారు, అది ఏ దేశమైనా. అతను తోలిన మిషను ముసలిదై తుక్కుకు పోతుంటే, ఫోర్‌మన్‌ను బతిమాలి దాని వాల్వు విప్పించుకున్నాడు. కంబళిలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టి, పెట్టె నాలుగు పక్కలా పెద్ద అక్షరాలతో తన పేరు రాసి ఇంటికి తెచ్చాడు. ఊళ్ళో బంధువులు పెట్టె విప్పేదాకా సెంటు సీసాలనుకున్నారట. "అందరు సెంటు తెస్తరు, మీ ఆయన ఇనుము తెచ్చిండు" అని జమునను ఇప్పటికీ ఆటపట్టిస్తున్నారు. ఆ సంగతి చెబుతూ ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో కాసేపటికి తెలిసింది. అతని సెలవు ఒకసారి పొడిగించారు, ఇంక పొడిగించరు. మిర్గం, అంటే మృగశిర కార్తె, దాటిన వారానికి తిరుగు టికెట్టు ఉంది. ఈ ఎండాకాలం లోడర్‌తో చెరువు మట్టి, పశువుల పెంట ఎత్తి చుట్టుపక్కల ఊళ్ళకు పని చేయగలిగితే ఇక్కడే బతకొచ్చు, మళ్ళీ పోను అని జమునకు మాటిచ్చాడు. ఆ మాట మొత్తం ఆ మెరిసే వాల్వు మీద ఆధారపడి ఉంది. వానలు పడితే చెరువులోకి బండి దిగదు. అంటే మాకు ఉన్న సమయం కూడా మిర్గం దాకానే.

పరీక్షకు ఒక పద్ధతి ఉంది. ముందు ఆయిల్‌ను పని వేడికి తేవాలి. పంపు నుంచి బయటికొచ్చే గొట్టం దగ్గర ప్రెషర్ గేజి బిగించాలి. ఇంజను వేగం పుస్తకంలో చెప్పినంత ఉంచి, బరువు ఎత్తించి చూడాలి. హెడ్ మెకానిక్ గేజి బిగించాడు. ముల్లు లేచి ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడింది. పంపుకు ఏ రోగమూ లేదు. ఆ వయసుకు అంత బాగా పనిచేసే పంపును చూసి నాకు గౌరవం కలిగింది. కానీ లివరు వదిలేసినా ముల్లు దిగలేదు. ఎవరూ ఏమీ ఎత్తడం లేదు, అయినా ట్రాక్టరు కొండ ఎక్కుతున్నట్టు మూలుగుతోంది. ఎక్కడో సన్నగా కీచుమని శబ్దం.

నేను కళ్ళు మూసుకున్నాను. ట్యాంకులోంచి బయలుదేరాను, పంపు పళ్ళ మధ్య నలిగి బయటపడ్డాను, గొట్టంలో పరుగెత్తాను, మెరిసే వాల్వు దాకా వచ్చాను. అక్కడ గోడ. లివరు మధ్యలో ఉంది, అన్ని దారులూ మూసి ఉన్నాయి. వెనక నుంచి పంపు నెడుతూనే ఉంది. ఒకే ఒక్క సందు, రిలీఫ్ వాల్వు. ఒత్తిడి హద్దు మీరితే గొట్టాలు పగలకుండా తెరుచుకునే చిన్న కిటికీ అది. ఆ కిటికీలోంచి దూరుకుంటూ, కాలుతూ, కీచుమంటూ వెనక్కి పడ్డాను. రోజంతా ఇదే పని. ఆయిల్ ఉడకక ఏం చేస్తుంది?

కళ్ళు తెరిచి లింబాద్రికి చెప్పాను. షెడ్డు నేల మీది దుమ్ములో వేలితో బొమ్మ గీశాను. అతను గల్ఫులో తోలిన పెద్ద మిషను పంపు తెలివైనది. లివరు కదిపితేనే ఆయిల్ ఇస్తుంది, లేకపోతే ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. దానికి లివరు మధ్యలో ఉన్నప్పుడు దారులన్నీ మూసేసే వాల్వే సరైనది. దాన్ని క్లోజ్డ్ సెంటర్ అంటారు. మన పాత ట్రాక్టరుది గేరు పంపు. ఇంజను తిరిగినంతసేపూ ఆయిల్‌ను విసురుతూనే ఉంటుంది, ఆగమంటే దానికి తెలియదు. కాబట్టి లివరు వదిలేసినప్పుడు ఆయిల్ వాల్వు నడిమధ్య నుంచి తీరికగా ఇంటికి పోయే దారి ఉండాలి. అది ఓపెన్ సెంటర్. పైగా లింబాద్రి వాల్వులో, వెనక నాగలిని ఎత్తే లిఫ్టుకు ఆయిల్ పంపే ద్వారమే లేదు. లిఫ్టు లేవకపోవడానికి కారణం అదే.

లింబాద్రి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "గా మిషిన్ల గిదే వాల్వు సార్. చిటికెన ఏలుతోని లేపిన. ఎంట్రుకవాసి జరిపితే గంతే లేసేది, ఆపితే ఆన్నే ఆగేది."

"వాల్వు మంచిదే. ఈ ట్రాక్టరుకు పనికిరాదు," అన్నాను.

అతను గుడ్డతో వాల్వు మీది ఆయిల్ తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. అన్నేళ్ళలో అతను ఎవరికోసమో తెచ్చినవి చాలా ఉంటాయి. తనకు నచ్చి తన కోసం తెచ్చుకున్నది బహుశా ఇదొక్కటే. నాకు నిజంగా బాధేసింది. కానీ మనిషి బాధపడతాడని పంపు స్వభావం మారదు.

జమున ముందుకొచ్చింది. "సార్, దీనికి అక్కెరకచ్చేది దొరుకుతదా, దొరకదా? గదొక్కటి చెప్పుండ్రి."

దొరుకుతుందన్నాను. కోరుట్లలో కాదు, సిరిసిల్లలో సత్యం అనే అతని హైడ్రాలిక్ షాపులో. అయితే తాను కూడా వస్తానంది. గంభీరావుపేటలో ఆమె తల్లిగారిల్లు, చిన్నబిడ్డ ఎండాకాలం సెలవులకు అక్కడే ఉంది, వస్తూ తీసుకురావచ్చు.

మర్నాడు పొద్దున్నే సర్వీసు జీపులో బయలుదేరాం. ముందు నేనూ డ్రైవరూ, వెనక వాళ్ళిద్దరు. లింబాద్రి తన వాల్వును కంబళిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. గొట్టాల మరలు సరిచూసుకోవడానికి అన్నాడు. సత్యం వేరే మాట చెబుతాడేమోనన్న ఆశ అని నాకు తెలుసు. ఊరుకున్నాను.

ఆ ప్రయాణం ఇప్పటికీ నాకు నిద్రలో వచ్చినట్టే గుర్తుంది. జగిత్యాల మార్కెట్టుకు పోయే మామిడి లారీ ఒకటి ఎదురుగా వచ్చి దాటిపోయింది. అది పోయాక చాలా దూరం దాకా గాలి తియ్యగా ఉంది. రుద్రంగి దాటాక గుట్టలు నీలంగా, తేలికగా, నేలకు అంటుకోనట్టు కనిపించాయి. దూరాన రోడ్డు మీద నీళ్ళున్నట్టు మెరవడం, దగ్గరికి పోతే లేకపోవడం. జీపు ఊపుకు నా రెప్పలు వాలాయి. నేను ఆయిల్‌నై ఇంకా రాని వాల్వులోంచి పోతున్నాను. లోపల దారి విశాలంగా ఉంది. ఎవరూ నెట్టడం లేదు. లోడర్ దగ్గర పనుందా అని అడిగాను, లేదన్నారు. లిఫ్టు దగ్గరికి పోయాను, అక్కడా లేదన్నారు. ట్యాంకులోకి జారి చల్లబడ్డాను. కళ్ళు తెరిచేసరికి వేములవాడ వెనక పడింది.

సిరిసిల్లలో సత్యం షాపు సాంచెల సందులో ఉంది. సాంచె అంటే పవర్‌లూమ్. అటూ ఇటూ ఇళ్ళన్నిటిలో అవే, ఒక లయలో టకటకలాడుతుంటాయి. కొత్తవాళ్ళు గొంతు పెంచి మాట్లాడతారు, ఆ వీధివాళ్ళు మామూలుగానే మాట్లాడతారు, అయినా వినిపిస్తుంది. కాసేపటికి ఆ శబ్దం మన ఊపిరిలో కలిసిపోయి, దాన్ని వింటున్నామని కూడా మరిచిపోతాం.

సత్యం లింబాద్రి కంబళి విప్పి చూసి, "మంచి మాల్ తెచ్చినవ్ అన్నా," అని మెచ్చుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "పంపు ఏంది సార్?" అని అడిగాడు. గేరు పంపు అన్నాను. ఇంకో మాట లేకుండా కంబళి తిరిగి చుట్టి లింబాద్రికి అందించాడు. అంతే, ఆ ఆశ అక్కడితో అయిపోయింది.

ఎంపిక మొదలైంది. పాత ట్రాక్టరుకు వాల్వు కొనేవాడు వరుసగా తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది ఓపెన్ సెంటరా కాదా. రెండోది పంపు ఎంత ఆయిల్ పంపుతుంది. చిన్న వాల్వు తెస్తే ఆయిల్ ఇరుకులో పడి వేడెక్కుతుంది. మరీ పెద్దది తెస్తే చేతికి మెత్తదనం ఉండదు, బకెట్టు మొరటుగా కదులుతుంది. సత్యం తళతళలాడే పెద్ద వాల్వు ఒకటి తెచ్చి పెట్టాడు, నేను పక్కకు జరిపాను. తర్వాత ప్రెషర్. వాల్వులోని రిలీఫ్ కిటికీ మన పంపు హద్దు దాటకముందే తెరుచుకునేలా ఉండాలి. ఆ తర్వాత సిలిండర్లు ఏ రకమని చూడాలి. ఆయిల్ నెడితే లేచి సొంత బరువుకే దిగే ట్రాలీ సిలిండరుకు ఒక రకం స్పూల్ చాలు. లోడర్‌కు లేపేటప్పుడూ దించేటప్పుడూ ఆయిలే నెట్టాలి, దానికి వేరే స్పూల్. ఎత్తే స్పూల్‌కు ఎత్తడం, ఆపడం, దించడం కాక ఫ్లోట్ అనే నాలుగో స్థానం కూడా కావాలన్నాను. లివరు అందులో పెడితే బకెట్టు నేల ఎత్తుపల్లాలను బట్టి తనంతట తాను లేస్తూ దిగుతూ జారుతుంది. చెరువు అడుగు చదును చేయడానికి అది లేకపోతే కష్టం. చివరగా, లోడర్‌కు అవసరం లేని ఆయిల్‌ను ఒత్తిడి తగ్గకుండా వెనక లిఫ్టుకు పంపే ద్వారం. దాన్ని పవర్ బియాండ్ అంటారు. అది లేని వాల్వు ఎంత మంచిదైనా మన ట్రాక్టరుకు సగం ప్రాణమే.

ఇవన్నీ కలిసినవి బల్ల మీద రెండే మిగిలాయి. లోపల రెండూ ఒకటే. పైన తేడా. ఒకదానికి రెండు లివర్లు, ఒకటి ఎత్తడానికి, ఒకటి బకెట్టు వంచడానికి. ఇంకోదానికి ఒకే లివరు, జాయ్‌స్టిక్. ముందుకూ వెనక్కూ అంటే ఎత్తడం దించడం, పక్కలకు అంటే వంచడం. రెండు పనులూ ఒకే చేతితో. గల్ఫు మిషన్ల మీద పనిచేసినవారికి అదే అలవాటు.

లింబాద్రి చెయ్యి ఆలోచించకుండానే జాయ్‌స్టిక్ మీదికి పోయింది. చిటికెన వేలు పక్కకు పెట్టి, మూడు వేళ్ళతో పట్టుకుని, కళ్ళు సగం మూసి అటూ ఇటూ కదిపాడు. ఆ కాసేపు అతను సిరిసిల్లలో లేడు. ఎత్తైన సీటులో కూర్చుని, ఓడల మధ్య ఏదో బరువును గాల్లోకి లేపుతున్నాడు. ఆయిల్ వెంట పోయేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను అప్పటిదాకా.

"తోలేది ఎవరు?" అని అడిగాడు సత్యం. అది అతను ప్రతి గిరాకీనీ అడిగే ప్రశ్నే.

లింబాద్రి చెయ్యి ఆగింది. జాయ్‌స్టిక్‌ను వదిలి, రెండు లివర్ల వాల్వును తన వైపు లాక్కున్నాడు.

"గిది ఇయ్యి," అన్నాడు. "జమునకు ఎనుక లిఫ్టు లివరు అలవాటే. ఒకదాని ఎనుక ఒకటి గుంజుకుంటది. గా ఒక్కలివరుది ఆమె చేతికి రాదు."

పోనని చెప్పిన మనిషి పోవడానికి సిద్ధపడ్డాడు. నిన్న షెడ్డులో తన వాల్వు పనికిరాదని తెలిసిన క్షణంలోనే నిర్ణయించుకుని ఉంటాడు. తాను లేనప్పుడు నడపడానికి ఆమెకు వీలైన వాల్వు కొనిపెట్టి పోదామనుకున్నాడు. అది ప్రేమ కాదని నేను అనను. కానీ ఆ మాట ఆమెకు చెప్పకుండా సత్యానికి చెప్పాడు.

జమున అప్పటిదాకా గడప దగ్గర నిలబడి ఉంది. వచ్చి రెండు లివర్లనూ ఒకసారి చూసింది, ఒక్క లివరునూ చూసింది. ముట్టుకోలేదు.

"సత్యమన్నా, ఒక్క లివరుదే ఇయ్యి," అంది.

"నీకు రాదు గదా," అన్నాడు లింబాద్రి.

"నాకెందుకు రావాలె? లోడర్ తోలేది నువ్వు. నేను ఎనుక నాగలి ఏసుకొని దున్నుత, గది నాకు అచ్చు. ఇన్నేండ్లు రెండు పనులు నేనే చేసిన. ఇగ చెయ్య."

గొంతు పెంచలేదు. కోపం కూడా లేదు. సాంచెలు అలాగే టకటకలాడుతున్నాయి. సత్యం నా వంక చూశాడు. నేను బల్ల మీది మరలను చాలా శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను. ఇలాంటి సమయంలో ఇంజనీరు చేయగలిగింది అదే.

లింబాద్రి కొంతసేపటికి రెండు లివర్ల వాల్వును సత్యం వైపు తోసి, ఫోను తీసుకుని వీధిలోకి పోయాడు. అరుగు మీద ఎండలో నిలబడి ఎవరితోనో హిందీలో మాట్లాడాడు. అవతల ఫోర్‌మన్ అని మాటల్లో తెలుస్తోంది. మొదట మెల్లగా, తర్వాత ఇంకా మెల్లగా. అవతలివాడు బతిమాలుతున్నట్టుంది. ఇతను తల అడ్డంగా ఊపుతున్నాడు, ఫోనులో కనిపించదని మరిచి.

జమునకు ఆ భాష అంతంత మాత్రమే. నా దగ్గరికొచ్చి, చూపు వీధి మీదే ఉంచి, "ఏమంటున్నడు సార్?" అని అడిగింది.

"రాను, టికెట్టు రద్దు చెయ్యమంటున్నాడమ్మా," అన్నాను.

ఆమె సరేనని తల ఊపి, కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట కూడా ఉంది, కాబట్టి నేను ఏమీ అనలేదు.

మర్నాడు కోరుట్లలో వాల్వు బిగించాం. పంపు నుంచి లోడర్ వాల్వుకు, అక్కడి నుంచి పవర్ బియాండ్ గొట్టం లిఫ్టుకు, వాల్వు సొంత రిటర్న్ గొట్టం విడిగా ట్యాంకుకు. ఇంజను తిప్పి లివరు వదిలేశాను. గేజి ముల్లు దాదాపు అడుగుకు దిగి పడుకుంది. మూలుగు లేదు. ఇంజను తన మామూలు గొంతుతో తనకు తానే ఏదో చెప్పుకుంటున్నట్టు తిరిగింది. నేను గొట్టం మీద అరచేయి వేసి చాలాసేపు నిలబడ్డాను. లోపల ఆయిల్ పోతున్న సన్నటి వణుకు తగిలింది.

లింబాద్రికి చెయ్యి కుదరడానికి కొన్నాళ్ళు పట్టింది. ఎత్తడం వంచడం ఒకేసారి చేస్తే ఈ పాత వ్యవస్థలో ఆయిల్ ఏ బరువు తేలికైతే దాని వైపు పోతుంది, రెండోది ఆగిపోతుంది. అతని పెద్ద మిషను అలా చేసేది కాదు. "గిది మొండిది సార్" అని ఫోనులో విసుక్కునేవాడు. ఒకసారి ఒక పనే చెయ్యమనేవాణ్ణి. మిర్గం దాటిన వారానికి తొలి తనిఖీకి వాళ్ళ ఊరికి పోయాను. ముందురోజు వాన పడింది, నేల వాసన ఇంకా పోలేదు. అతను కల్లం దగ్గర పెంట ఎత్తి పక్క రైతు ట్రాలీలో పోస్తున్నాడు. బకెట్టు లేచి, ఒక్క క్షణం ఆగి, నింపాదిగా వంగింది. అతని చిన్నబిడ్డ గట్టు మీద కూర్చుని, బకెట్టు వంగిన ప్రతిసారీ తన తల కూడా అటే వంచుతోంది. జమున, ట్రాక్టరు ఎప్పుడు ఖాళీ అవుతుంది, నాగలి కట్టాలని భర్తను గదమాయిస్తోంది.

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో నా దగ్గరికి వాల్వు కోసం వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను అడిగే ప్రశ్నల వరుస మార్చాను. పంపు రకం, ఆయిల్, ప్రెషర్, స్పూల్, ద్వారాలు అన్నీ అలాగే ఉన్నాయి. సీటు మీద కూర్చునేదెవరన్నది మాత్రం అన్నిటికన్నా ముందుకు వచ్చింది. ఆ ప్రశ్నను ఇంట్లో ఇద్దరూ ఎదురుగా ఉన్నప్పుడే అడగాలి. ఒకరు జవాబు చెప్పాక, రెండోవారు నోరు విప్పేదాకా వాల్వును ప్యాక్ చేయకూడదు.